ఉసేన్ ఆదోనిని వెతుక్కుంటూ

బ్యాంకులో ఒక ప్రశ్న

మా బ్యాంకు ఆఫీసరమ్మాయి కంప్యూటర్ తెరని నా వైపు తిప్పి, "ఉసేన్ ఆదోని మీకేమవుతారండీ?" అని అడిగిన రోజుదాకా ఆదోని వెళ్ళాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

నేను కాకినాడలో చేనేత దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్మే చిన్న కొట్టు నడుపుతున్నాను. ఎమ్మిగనూరులో ఉసేనప్ప అనే నేతగాడు నేసిన దుప్పట్లని జర్మనీలో హెల్గా అనే పెద్దావిడ తెప్పించుకుంటుంది. ఆవిడకీ అక్కడ నాలాంటి కొట్టే ఉంది. ఉసేనప్పని ఒకసారి విజయవాడ ప్రదర్శనలో చూశాను. ఆ తర్వాత మా వ్యవహారమంతా ఫోన్లోనే. అతను దుప్పట్ల మూట ఆదోని బస్సులో వేస్తాడు. ఆదోనిలో ఒక పార్సిలు కొట్టువాళ్ళు దాన్ని అందుకుని, కట్టి, జర్మనీకి పంపుతారు. హెల్గా డబ్బు నా ఖాతాకి పంపుతుంది. నాలుగైదుసార్లు సాఫీగా జరిగింది. ఈసారి డబ్బు రాలేదు.

"రాకపోతే ఎక్కడున్నట్టండీ?" అన్నాను.

"న్యూయార్కులో ఆగింది."

"ఆవిడ ఉండేది జర్మనీలో కదా?"

"మీరు ధర డాలర్లలో చెప్పారండీ. డాలర్లలో పంపితే, అవి ఎక్కడ బయల్దేరినా సాధారణంగా అమెరికాలో ఒక బ్యాంకు గుండా రావాల్సిందే."

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. డబ్బు నిజంగా ప్రయాణం చేయదట. ఈ బ్యాంకుకి ఆ బ్యాంకులో ఖాతా ఉంటుంది, ఆ బ్యాంకుకి ఇంకో బ్యాంకులో. వాటి మధ్య సందేశం మాత్రమే నడుస్తుంది. అది చూసి ఒక ఖాతాలో తీసి ఇంకో ఖాతాలో వేస్తారు. దారిలో ఉన్న ప్రతి బ్యాంకూ తన దేశపు చట్టం ప్రకారం ఆ సందేశంలోని పేర్లని నిషేధించిన మనుషుల జాబితాతో పోల్చి చూడాలి. ఈ డబ్బు దేనికోసం అని రాసే గడిలో హెల్గా ఈసారి "దుప్పట్లు, ఉసేన్, ఆదోని" అని రాసింది. అది ఆ జాబితాలో ఎవరి పేరుకో దగ్గరగా ఉందట.

"ఎవరి పేరుకి?"

"అది మాకు చెప్పరండీ. తెలిసినా మీకు చెప్పకూడదు."

"ఆదోని ఊరి పేరమ్మా."

"మీకూ నాకూ తెలుసు. అక్కడి మిషనుకి ఇంటిపేరులా కనిపించింది."

అలాంటి మనిషే లేడని రాసి పంపమన్నాను. లేడని రాస్తే, లేని మనిషి పేరు ఎందుకు రాశారని అడుగుతారట. ఉన్నాడని రాస్తే పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చేసే పని అడుగుతారట. "ఉన్నాడనే రాయండి. ఉన్న మనిషికైతే కాగితాలుంటాయి," అంది. జవాబు చెప్పకపోతే డబ్బు వెనక్కి పోవచ్చు, అక్కడే బిగిసిపోనూవచ్చు. ఏది జరుగుతుందో ఆమెకీ తెలియదు.

హెల్గాని కూడా ఆమె బ్యాంకు పిలిచి అడిగిందట. డెబ్భై దాటిన మనిషి, ఏదో నేరం చేసినట్టు నాకు క్షమాపణ చెబుతూ రాసింది. ఆ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. ఉసేనప్పకి ఫోను చేసి విషయం చెబుదామనుకున్నాను గానీ, "మీ పేరు ఒక దుర్మార్గుడి పేరులా ఉందట" అని ఫోన్లో ఎలా చెప్పేది? బట్టలు సర్దుకున్నాను.

దూది ఎగిరే ఊరు

గుంతకల్లులో బండి మారి ఆదోనిలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. పత్తి కాలం. స్టేషను నుంచి ఊళ్ళోకి వెళ్ళే దారంతా పత్తి మూటలతో ట్రాక్టర్లు. దూది పింజలు ముళ్ళకంపలకి, కరెంటు తీగలకి, టీ కొట్టు పరదాలకి కూడా అంటుకుని ఉన్నాయి. మా వైపు కోతల రోజుల్లో గడ్డి ఇలాగే రోడ్లంతా పరుచుకుంటుంది. కాకపోతే అది కాళ్ళ కింద ఉంటుంది, ఇది కళ్ళల్లో పడుతుంది.

ఒక బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. మేము మరమరాలు అనేవాటిని ఇక్కడ బొరుగులు అంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, పసుపు, ఉల్లిపాయ, పప్పుల పొడితో తాలింపు పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి ముప్పై అయిదు రూపాయలు. మా కాకినాడ బజ్జీని చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం కూరి కాస్త మచ్చిక చేస్తారు. ఇక్కడి బజ్జీకి అలాంటి మొహమాటం లేదు. మొదటి కొరుకుకే కళ్ళ నీళ్ళు వచ్చాయి. బండివాడు నా ముందు నీళ్ళ చెంబు పెట్టి ఏమీ ఎరగనట్టు అటు తిరిగాడు.

పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన నవ్వాడు. పత్తి మార్కెట్టులో కమీషను వ్యాపారం చేస్తాడట. "ఏం పని మీద వచ్చినావమ్మా?" అని అడిగాడు. చెప్పాను.

"అది పాతకాలం హుండీ చీటీ లాంటిదే," అన్నాడు. "మా జేజినాయన కాలంలో ఈడ పత్తి అమ్మి బొంబాయిలో దుడ్లు తీసుకుంటాండ్రి. రూపాయి యాడికీ పోదు, చీటీ పోతాది. ఈడుండేటోడు ఆడుండేటోనికి తెలిసినోడు. అంతే."

"చీటీలో పేరు ఎవరు చూసేవాళ్ళు?"

"ఎవురు సూస్తారు? మనిషి తెలుసు గదా. ఇప్పుడు మనిషి తెలీదు, అందుకే పేరు పట్టుకుంటాండారు."

ఆ మాటతో నాకు కొంత అర్థమైనట్టు అనిపించింది. అంతలో ఆయనే, "అయినా అమెరికావోడు ఆదోని పేరు యాల పట్టుకున్నాడో తెలుసునా? పత్తి రేటు దించేదానికి," అన్నాడు. నా చిన్న దుప్పట్ల మూటకీ పత్తి రేటుకీ సంబంధం ఏమిటో ఆయన చాలాసేపు వివరించాడు. లేచేసరికి ముందు అర్థమైంది కూడా పోయింది.

"ఆదోనిలో ఎంతమంది ఉసేన్లు కావల్ల నీకు?" అన్నాడు చివరికి. "ఆ వీధిలో నిలబడి పిలువు, పదిమంది తిరిగి సూస్తారు."

పార్సిలు కొట్టు

పార్సిలు కొట్టు ఇరుకు సందులో ఉంది. గోడల వెంట కప్పుదాకా అట్టపెట్టెలు, జిగురు వాసన. ఒక అరవై ఏళ్ళాయన నేల మీద కూర్చుని గోనె సంచిని దబ్బనంతో కుడుతున్నాడు. ఎమ్మిగనూరు దుప్పట్లు జర్మనీకి పంపేది ఇక్కడేనా అని అడిగితే, పని ఆపి, కుర్చీ తుడిచి వేశాడు. చాయ్ తెప్పించాడు.

"ఉసేనప్ప మూటలు నేనే కడతాను. మనిషిని సూడలేదు. మూట బస్సులో వస్తాది, ఫోను వస్తాది," అన్నాడు.

బ్యాంకుకి పనికొస్తుందని, పోయినసారి పార్సిలుకి అంటించిన కాగితం నకలు చూపించమన్నాను. తీసి ఇచ్చాడు. పంపినవారి పేరు ఉండాల్సిన చోట నా కొట్టు పేరు ఉంది. దాని కింద, పార్సిలు ఒప్పజెప్పినవారు అన్న చోట ఇంగ్లీషులో సంతకం: హుసేన్, ఆదోని.

లేని మనిషి అనుకుంటూ ఇంత దూరం వచ్చాను. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుని చల్లార్చుకుంటున్నాడు.

ఆయన పేరు హుసేన్ సాబ్. నేను వచ్చిన పని మొత్తం చెప్పాను. ఆయన అంతా విన్నాక సాసర్ పక్కన పెట్టాడు.

"ఆపా," అన్నాడు. వాళ్ళలో అక్కని అలా పిలుస్తారు, నన్ను మొదటినుంచీ అలాగే పిలిచాడు. "వచ్చే నెల నేనూ నా భార్యా ఉమ్రాకి పోతాండాం. మక్కాకి. టికెట్లు తీసుకున్నాం. పాస్‌పోర్టులు హైదరాబాదులో ఏజెంటు దగ్గర ఉండాయి, వీసా రావల్ల. ఆ లిస్టులో ఒకసారి పేరు పడితే మళ్ళీ తీస్తారా?"

"నాకు తెలియదు."

"ఎవుర్ని అడగల్ల?"

"అదీ తెలియదు."

"బ్యాంకుకీ వీసాకీ ఏమన్నా సంబంధం ఉంటాదా?"

ఉండదనే అనుకుంటున్నానని చెప్పాను. ఆ మాట నాకే గట్టిగా వినిపించలేదు. ఆయన దబ్బనం చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు.

"నా పేరు రాయొద్దని నేను సెప్పను. నిజమైతే రాయి. కాని నిజం ఏందో ముందు కనుక్కో."

హెల్గా అసలు ఎవరి పేరు రాసిందో కనుక్కోవాలన్న ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదంటే నమ్మండి. కొట్టు మెట్ల మీద కూర్చునే ఆవిడకి రాశాను: "మీరు రాసిన ఉసేన్ ఎవరు? దుప్పటి నేసినవారా, పార్సిలు కట్టినవారా?"

జవాబు వెంటనే రాలేదు.

ఇంకో ఎమ్మిగనూరు

మర్నాడు పొద్దున ఆదోని బస్టాండులో ఒక కర్ణాటక బస్సు కదలబోతోంది. దాని కన్నడ బోర్డులో సగం అక్షరాలు మన అక్షరాల్లాగే ఉన్నాయి. ఆ ధైర్యంతో కండక్టరుని "ఎమ్మిగనూరు వెళ్ళొచ్చా?" అని అడిగాను. "హూ, హత్తి హత్తి," అన్నాడు. ఎక్కమంటున్నాడని ఎక్కాను. ఊరు దాటి చాలా దూరం పోయాక టికెట్టు కొట్టడానికి వచ్చి, సిరుగుప్పలో దిగి బస్సు మారాలన్నాడు. పక్కసీటు ఆడమనిషి నా ముఖం చూసి, "నువ్వు పోవల్సింది ఏ ఎమ్మిగనూరు?" అని అడిగింది. బళ్ళారి వైపు కూడా ఒక ఎమ్మిగనూరు ఉందట. కండక్టరు అబద్ధం చెప్పలేదు, నేనూ తప్పు అడగలేదు. దారిలో దింపేస్తే, పత్తి ట్రాక్టరు వెనకాల వచ్చిన ఆటో ఎక్కి మళ్ళీ ఆదోని చేరాను. ఆటోవాడు నూట యాభై తీసుకున్నాడు.

ఈసారి ఎక్కే ముందు ముగ్గుర్ని అడిగాను.

మగ్గం ఇల్లు

నాకు కావలసిన ఎమ్మిగనూరులో దిగేసరికి మధ్యాహ్నమైంది. వస్తున్నానని మాత్రం ఫోన్లో చెప్పి ఉంచాను, ఉసేనప్ప బస్టాండుకే వచ్చాడు. యాభై ఏళ్ళ పైన ఉంటాయి, సన్నటి మనిషి. "బాగుండారా అమ్మా? ఎంతసేపు అయినాది, యాడ తప్పిపోయినావో అనుకుంటి," అన్నాడు.

ఇంట్లో సగం మగ్గమే. నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టి నేసే మగ్గం. నేను జర్మనీకి పంపే ఎరుపు గళ్ళ దుప్పటి సగం నేసి ఉంది. అతని భార్య హుళిగమ్మ మంచినీళ్ళు ఇచ్చి, పక్కన కూర్చుని కండెలకి నూలు చుట్టుకుంటూ నా మాటలు వింది. నేను "ఉసేనప్ప గారండీ" అని మొదలుపెట్టగానే, "ఆ అండీలు వొద్దమ్మా, ఇంకెవుర్నో పిలిచినట్టు ఉండాది," అన్నాడు అతను.

జాబితాలో ఉన్న ఎవరి పేరో అతని పేరులా ఉందని, అందుకే డబ్బు ఆగిందని చెప్పాను. ఆ పేరుగలవాడు ఏం చేశాడని అడిగాడు. తెలియదన్నాను. ఏ దేశంవాడని అడిగాడు. అదీ తెలియదన్నాను.

"మాయమ్మకి నా ముందు పుట్టినోళ్ళు ఇద్దురూ నిలవలేదు," అన్నాడు. "పీర్ల పండగకి గుండం సుట్టూ తిరిగి మొక్కుకున్నాది. మళ్ళీ పండగ నాడే నేను పుట్టినా. ఉసేనప్ప అని పెట్టినాది. పేరు పెట్టినందుకే నేను బతికినానని సచ్చేదాకా సెప్తాండె. ఆ పేరు యాడనో ఎవుడో సెడగొట్టినాడంటావు."

మా గోదావరి వైపు ఇలాంటి పేర్లు అరుదు. ఇక్కడ మాత్రం ఇంటింటా ఒక ఉసేనప్ప, మస్తానమ్మ, దస్తగిరి ఉంటారట. మొహర్రంలో పీర్లు ఎత్తేవాళ్ళలో సగం మంది హిందువులేనట. ఇదంతా న్యూయార్కు బ్యాంకు అడిగిన గళ్ళలో ఎక్కడ రాయాలో నాకు తోచలేదు.

పుట్టిన తేదీ అడిగాను. పీర్ల పండగ అన్నాడు. ఏ నెల అంటే, ఆ పండగ ఒక ఏడు ఎండల్లో వస్తుంది, ఒక ఏడు వానల్లో వస్తుంది అన్నాడు. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉందట. "కార్డు తీసేటోడు అడిగినాడు. తెలీదంటి. వాడే కొట్టినాడు. మా వీధిలో సగం మందిమి ఆ దినమే పుట్టినాం."

కార్డు నకలు ఒకటి కావాలన్నాను. హుళిగమ్మ చేతిలో కండె ఆగింది.

"కార్డు ఇయ్యము," అంది.

"ఊరుకోమ్మీ," అన్నాడు ఉసేనప్ప.

"ఎందుకు ఊరుకోవల్ల? నా చెల్లెలి కార్డు జిరాక్సు ఒకాయన తీసుకపోయినాడు. దాని మీద ఎవురికో లోను ఇచ్చినారు. నోటీసు మాత్రం దానికి వచ్చినాది. ఈయమ్మ మీద నాకు కోపమేమీ లేదు. ఈయమ్మ చేతిలోంచి ఆ కార్డు ఎంతమంది చేతుల్లోకి పోతాదో సెప్పమను."

నేను లెక్కపెట్టబోయాను. మా బ్యాంకు, వాళ్ళ ముంబయి ఆఫీసు, న్యూయార్కు బ్యాంకు, హెల్గా బ్యాంకు. ఆ తర్వాత ఎవరికి పోతుందో తెలియదు. "సెప్పలేను హుళిగమ్మా," అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ళ మాట నా నోట్లోకి వచ్చింది. ఆమె నవ్వలేదు. లేచి జొన్న రొట్టెలు చేయడానికి పోయింది.

రొట్టె, పుంటికూర పప్పు, చెనిక్కాయల పొడి పెట్టింది. పుంటికూర అంటే ఏమిటా అని చూస్తే మన గోంగూర, చెనిక్కాయలంటే మన వేరుశనగలు. కార్డు ఇవ్వనన్న ఇంట్లో అంత ప్రేమగా పెట్టిన భోజనం తినడం కొంచెం కష్టమైంది. మూడో రొట్టె వద్దన్నా వేసింది.

చేతులు కడుక్కుంటుంటే ఉసేనప్ప అడిగాడు, "కార్డు ఇయ్యకపోతే ఏమైతాది?"

నిజం చెప్పాను. డబ్బు సంగతి నేను ఎలాగో చూసుకుంటాను గానీ, పార్సిలు మీద హుసేన్ సాబ్ సంతకం ఉందని, ఈ ఉసేన్ కాదంటే ఆ హుసేనా అని అడుగుతారని, ఆయన వచ్చే నెల మక్కాకి పోవాలని, వీసా ఇంకా రాలేదని.

ఉసేనప్ప మగ్గం గుంట గట్టు మీద కూర్చున్నాడు.

"ఆయప్ప ఇన్నేండ్లు నా మూటలు ఒక్కటీ తడవకుండా పంపినాడు," అన్నాడు. "ముఖం కూడా సూడలేదు నేను. ఆయప్పని ఆపేది యాడి న్యాయం? నేను విజయవాడ దాటి యాడికీ పోయేవాన్ని కాదు. నా పేరే రాయి. దుప్పటి నాదే గదా."

"హెల్గా ఎవరిని అనుకుని రాసిందో ఇంకా తెలియదు ఉసేనప్పా."

"తెలిసేలోపల నా పేరు రాసి పెట్టుకో."

లోపలి గదిలో పెట్టె మూత చప్పుడైంది. హుళిగమ్మ కార్డు తెచ్చి నా చేతికివ్వకుండా మొగుడి చేతికిచ్చింది. "జిరాక్సు తీసినాక దాని మీద అడ్డంగా రాయమను. దేనికని ఇచ్చినామో రాయమను. తెలుగులో రాయమను," అంది.

బజారులో నకలు తీయించి, కార్డు బొమ్మ మీదుగా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను: "హెల్గా గారు పంపిన దుప్పట్ల డబ్బు విషయంలో మాత్రమే." ఉసేనప్ప ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని భార్యకి చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదివించుకుని తల ఊపింది.

హెల్గా జవాబు

ఆ రాత్రి ఎమ్మిగనూరులోనే ఒక లాడ్జిలో ఉన్నాను. గది ఆరువందలు, వేడినీళ్ళకి యాభై. పొద్దున లేచి చూస్తే హెల్గా నుంచి పొడుగాటి సందేశం వచ్చి ఉంది.

దుప్పటికి కుట్టిన చీటీలో నేసినవారి పేరు చూసి రాసిందట. ఆ చీటీలు నేనే అచ్చు వేయించాను, వాటి మీద ఉసేనప్ప అని పూర్తిగా ఉంటుంది. బ్యాంకు గడిలో చోటు చాలక ఆవిడ చివరి "అప్ప" తీసేసింది. అప్ప అంటే గౌరవంగా పిలిచే మాట అని ఎప్పుడో నేనే ఆవిడకి చెప్పానట. తీసేసినా ఫరవాలేదనుకుంది. ఊరి పేరు పార్సిలు మీది ముద్ర చూసి రాసింది. పేరు ఎమ్మిగనూరుది, ఊరు ఆదోనిది. రెంటినీ పక్కపక్కన పెట్టేసరికి ఒక కొత్త మనిషి పుట్టాడు.

అది చదివి ఊపిరి పీల్చుకున్నాను. హుసేన్ సాబ్ ఇందులో లేడు. ఉసేనప్ప ఉన్నాడు, కానీ అతను నిన్ననే ఒప్పుకున్నాడు. బస్సులో కూర్చుని బ్యాంకుకి జవాబు రాయడం మొదలుపెట్టాను.

మళ్ళీ పార్సిలు కొట్టు

"మీరు కాదు హుసేన్ సాబ్," అని కొట్టు గడపలో నిలబడే చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. తర్వాత, "అయితే ఎవురు?" అన్నాడు.

ఉసేనప్ప అని చెప్పాను. హెల్గా సంగతి తేలకముందే తన పేరు రాసుకోమన్నాడని కూడా చెప్పాను. హుసేన్ సాబ్ అది నమ్మలేనట్టు ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"ఆయనకి ఏం కాదు గదా?"

"ఏం కాకుండా జవాబు రాశాను, వినండి," అని బస్సులో రాసింది చదివాను. ఉసేనప్ప పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, పని, పుట్టిన తేదీ ఎందుకు జనవరి ఒకటో కూడా రాశాను. చివర్లో, బాగా ఆలోచించి రాశాననుకున్న వాక్యం ఒకటి ఉంది: "పేరు అలా ఉన్నప్పటికీ ఈయన హిందువు."

హుసేన్ సాబ్ జిగురు డబ్బా మూత పెట్టాడు.

"ఆ మాట వాళ్ళు అడిగినారా ఆపా?"

ఆఫీసరమ్మాయి రాసిచ్చిన ప్రశ్నలు తీసి చూశాను. పేరు, తండ్రి పేరు, తేదీ, ఊరు, పని. మతం ఎక్కడా అడగలేదు.

"లేదు," అన్నాను.

"మరి?"

ఉసేనప్పని కాపాడుతున్నాననే అనుకున్నాను. అలా కాపాడితే హుసేన్ సాబ్‌ని ఎక్కడ నిలబెట్టినట్టయిందో ఆయన ముఖం చూసేదాకా తోచలేదు. ఆ వాక్యం కొట్టేశాను. ఆయనే కలం కింద అట్టముక్క పెట్టాడు, కాగితం చిరగకుండా.

బయల్దేరేటప్పుడు ఉసేనప్ప ఇల్లు ఎమ్మిగనూరులో ఎక్కడో అడిగి రాసుకున్నాడు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక

కర్నూలు మీదుగా తిరిగొచ్చాను. కోడుమూరులో బస్సు టైరు పంచరైతే, రోడ్డు పక్కన చిత్రాన్నం తింటూ నాకు అర్థమైనదంతా వరసగా చెప్పుకోవడానికి ప్రయత్నించాను. డబ్బు కదలదు, సందేశం కదులుతుంది. దొంగడబ్బుని ఆపడానికి పేర్లు చూస్తారు. అది తప్పని అనలేను, ఎక్కడో ఎవరినో అది నిజంగానే ఆపుతూ ఉండవచ్చు. కానీ చూసేవాడు ఎవరు, ఎవరి పేరుతో పోల్చాడు, పోలిక తప్పని తేలితే ఎవరు ఒప్పుకుంటారు, అనే దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ దారి తప్పాను. బస్సు బాగైంది గానీ ఇది బాగవలేదు.

మా బ్యాంకు ద్వారా జవాబు పంపాను. కొన్నాళ్ళకి ఇంకో ప్రశ్న వచ్చింది: ఉసేనప్ప, ఉసేన్ ఆదోని ఒక్కరే అని ఎలా చెప్పగలరు? ఒక్కరు కాదని, ఉసేన్ ఆదోని అనేవాడు ఎప్పుడూ లేడని, ఎలా పుట్టాడో ఇదిగో అని మళ్ళీ మొదటినుంచీ రాశాను. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఒకరోజు డబ్బు ఖాతాలో పడింది. మధ్యలో ఎవరెవరో రుసుము కోసుకున్నారు. అనుమానం తీరిందని గానీ, పొరపాటైందని గానీ ఎవరూ ఒక్క మాట రాయలేదు. ఉసేనప్ప పేరు ఇప్పుడు ఎక్కడైనా ఉందా అని ఆఫీసరమ్మాయిని అడిగాను. "డబ్బు వచ్చింది కదండీ," అంది. ఆమెకి మాత్రం ఏం తెలుసు?

హుసేన్ సాబ్ దంపతులకి వీసా వచ్చింది. ఉమ్రా చేసుకుని క్షేమంగా తిరిగొచ్చారు. వచ్చిన వారంలోనే ఇద్దరూ ఎమ్మిగనూరు వెళ్ళి ఉసేనప్పకి మక్కాలోని పవిత్రమైన జమ్‌జమ్ బావి నీళ్ళు, ఖర్జూరాలు ఇచ్చారట. హుళిగమ్మ ఆ ఖర్జూరాలు వీధంతా పంచిందని ఉసేనప్ప ఫోన్లో చెప్పాడు.

తర్వాతి విడత దుప్పట్లకి డబ్బు పంపేముందు హెల్గా నన్ను అడిగింది, ఆ గడిలో ఏం రాయమంటావని. ఆఫీసరమ్మాయి సలహా మీద, మనుషుల పేర్లేవీ రాయొద్దు, నూలు దుప్పట్లు అని మాత్రం రాయండి అన్నాను. డబ్బు మూడోరోజుకే వచ్చేసింది.

సంతోషంగా ఉసేనప్పకి ఫోను చేశాను. ఎలా రాశారో, ఎంత తొందరగా వచ్చిందో చెప్పాను. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"అయితే ఈసారి ఎవురి దుప్పట్లని రాసినాదమ్మా ఆయమ్మ?"

"ఎవరివనీ రాయలేదు ఉసేనప్పా."

"సరేమ్మా," అన్నాడు. మళ్ళీ మగ్గం చప్పుడు మొదలైంది. ఫోను పెట్టేయడం మర్చిపోయినట్టున్నాడు. చాలాసేపు దాన్నే వింటూ కూర్చున్నాను.